అపోలో అమెచ్యూర్ నైట్: టికెట్ కొన్నవారే న్యాయనిర్ణేతలు

న్యూయార్క్ చూడబోయిన తెలుగువారు సాధారణంగా బ్రాడ్‌వే నాటకాల టికెట్ల దగ్గరే ఆగిపోతారు గానీ, హార్లెం 125వ వీధిలోని అపోలో థియేటర్ బుధవారం రాత్రుల్లో నిర్వహించే ‘అమెచ్యూర్ నైట్’ అంతకంటె తక్కువ ఖర్చుతో ఎక్కువ వినోదం ఇస్తుందని నా అభిప్రాయం. ఇంకా పేరు రాని గాయకులు, నర్తకులు, హాస్యగాళ్లు తలా ఒక అంశం ప్రదర్శిస్తే, ఎవరు నిలవాలో ఎవరు దిగిపోవాలో ప్రేక్షకులే అరిచి తేలుస్తారు.

వేదికపై ఒక పీఠం మీద చెట్టు మొద్దు ఉంటుంది. పోటీదారులు దానిని చేత్తో నిమిరి గాని మైకు దగ్గరకు రారు. పూర్వం సెవెంత్ అవెన్యూలో లఫయెట్ థియేటర్ బయట, అవకాశాల కోసం తిరిగే కళాకారులు అదృష్టం కలిసివస్తుందని తాకిన ఎల్మ్ చెట్టు ముక్క అది. రోడ్డు వెడల్పు చేయడానికి 1934లో ఆ చెట్టును కొట్టేశారు. ఇన్నేళ్లుగా అరచేతులు రాసుకుని మొద్దు పైభాగం నూనె పట్టించినట్టు మెరుస్తోంది.

నేను చూసిన ప్రదర్శనలో ఒక యువతి పల్లవి దాటకముందే శ్రుతి తప్పింది. బాల్కనీలో మొదలైన గేలి క్షణాల్లో హాలంతా పాకింది, సైరన్ మోగింది, ‘ఎగ్జిక్యూషనర్’ అనే వేషధారి చీపురు పట్టుకుని చిందులేస్తూ వచ్చి ఆమెను తెర వెనక్కి సాగనంపాడు. పద్యనాటకాలకు వన్స్‌మోర్ కొట్టిన మనవారికి ఈ జోరు కొత్తేమీ కాదు. అయితే ఈ పద్ధతి గొంతెత్తి పాడేవారికే కలిసివస్తుంది. నెమ్మదిగా రక్తి కట్టే పాటకు ఇక్కడ ఓపిక లేదు. పిల్లల పోటీలో మాత్రం గేలి నిషేధం, అది మంచి నియమం.

ఈ భవనం కథ కూడా పోటీదారుల కథ లాంటిదే. 1914లో బర్లెస్క్ (శృంగార హాస్య వినోద ప్రదర్శనలు) శాలగా తెరిచినప్పుడు నల్లజాతి ప్రేక్షకులను లోపలికి రానిచ్చేవారు కాదు. నగర పాలకులు బర్లెస్క్‌పై విరుచుకుపడ్డాక చేతులు మారి, 1934లో నల్లజాతి ప్రేక్షకుల కోసం అపోలోగా తెరుచుకుంది. ఆ నవంబరులోనే, నాట్యం చేద్దామని వచ్చిన 17 ఏళ్ల ఎల్లా ఫిట్జెరాల్డ్ (తర్వాత ప్రఖ్యాత జాజ్ గాయని), తనకు ముందు ఆడినవారిని చూసి జంకి, అప్పటికప్పుడు పాట అందుకుని గెలిచింది. 1970ల్లో థియేటర్ మూతపడింది. 1981లో హార్లెం రాజకీయ నాయకుడు, వ్యాపారి పెర్సీ సటన్ కొని నిలబెట్టబోయినా లాభాల బాట పట్టలేదు. చివరికి 1991లో న్యూయార్క్ రాష్ట్రం తీసుకుని లాభాపేక్ష లేని సంస్థకు నిర్వహణ అప్పగించింది.

పాత హాలును 2025లో పునరుద్ధరణ కోసం మూసినందున, టికెట్ తీసుకునేముందు ప్రదర్శన ఏ వేదికపైనో చూసుకోవడం అవసరం. ముందు వరుసలకు అదనంగా చెల్లించనక్కర్లేదు. తీర్పు మొదలయ్యేది బాల్కనీలోనే.