ప్రొటీన్ బార్, ఖర్జూరం బార్, పల్లీ పట్టి: పరుగెత్తేవారికి ఏది మేలు?

ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద పరుగెత్తేవారి నడుం సంచుల్లో ఇప్పుడు ఏదో ఒక బార్ తప్పకుండా కనిపిస్తోంది. కొనేటప్పుడు మాత్రం చాలామంది కవరు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న ఒక్క అంకెనే చూస్తారు: ప్రొటీన్ 20 గ్రాములు. రెండేళ్లపాటు నేనూ అలాగే కొన్నాను. ముందుగా తేల్చుకోవలసింది దాన్ని ఎప్పుడు తింటామన్నది. పరుగుకు ముందా, మధ్యలోనా, అయ్యాకనా అన్నదాన్ని బట్టి ఎంపిక పూర్తిగా మారిపోతుంది.

పరుగుకు ముందు ప్రొటీన్ బార్ తినడం నా దృష్టిలో పొరపాటు. పరుగులో కండరాలు ప్రధానంగా ఖర్చు చేసేది పిండి పదార్థాన్ని, కొవ్వును. ప్రొటీన్, పీచు దట్టించిన బార్ తొందరగా అరగదు. ఒకసారి ‘చక్కెర లేదు’ అని రాసి ఉన్న బార్‌ను బయల్దేరడానికి అరగంట ముందు తిన్నాను. ఆరో కిలోమీటరు దగ్గర కడుపు ఉబ్బి, మెలిపెట్టి, ఇక అడుగు పడలేదు. ఇంటికొచ్చి కవరు వెనక్కి తిప్పితే దినుసుల్లో రెండో పేరు మాల్టిటాల్. దినుసులను బరువు తగ్గే వరసలో రాస్తారు కాబట్టి రెండో పేరంటే చాలా ఉన్నట్టే. ఇది తియ్యగా ఉంటుంది, క్యాలరీలు చక్కెరలో సగమే. కానీ చిన్నపేగు దీన్ని పూర్తిగా పీల్చుకోలేదు. మిగిలింది పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తుంది, ఎక్కువైతే విరేచనాలవుతాయి. ఈ జాతి తీపి పదార్థాలు పది శాతమో అంతకు మించో ఉంటే ఆ సంగతి హెచ్చరికగా రాయాలని మన దేశంలో నిబంధన ఉంది. అక్షరాలు చిన్నవైనా వెతికి చదవండి.

పరుగుకు ముందూ, మధ్యలోనూ పనికొచ్చేది చక్కెర రూపంలో పిండి పదార్థం దండిగా ఉండే ఖర్జూరం బార్. నిజానికి తొలితరం బార్లు ఈ కోవకు చెందినవే. కెనడా మారథాన్ రన్నర్ బ్రయన్ మాక్స్‌వెల్ 1986లో మొదలుపెట్టిన పవర్‌బార్‌లో పిండి పదార్థం ఎక్కువ, కొవ్వు తక్కువ. గంట దాటిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం అందితే ఒంట్లో సత్తువ నిలుస్తుంది. మెత్తటి ఖర్జూరం బార్‌ను చిన్న ముక్కలుగా కొరికి రెండు గుక్కల నీళ్లు తాగితే ఆ పని అయిపోతుంది.

మన పల్లీ పట్టి అంటే నాకు ప్రాణం, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పల్లీలు, బెల్లం సమానంగా వేసిన 30 గ్రాముల పట్టిలో 140 క్యాలరీలుంటాయి, ప్రొటీన్ నాలుగు గ్రాములు మాత్రమే. పల్లీల్లో దాదాపు సగం కొవ్వే కనుక అరగడానికి సమయం పడుతుంది. పరుగెత్తుతూ నమిలితే పలుకులు గొంతులో అడ్డం పడతాయి. బయల్దేరడానికి గంటన్నర ముందు, లేదా సాయంత్రం ఆకలికి దానంత చవకైన మంచి చిరుతిండి లేదు.

ఇక పరుగయ్యాక. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు. గట్టిగా సాధన చేసేవారికి ఇంకా ఎక్కువే కావాలి. అయితే రెండు గుడ్లు, గ్లాసు పాలు కలిపితేనే 18 గ్రాములు వస్తుంది. గంటలో ఇంటికి చేరి టిఫిన్ చేసేవారికి ప్రొటీన్ బార్ అక్కర్లేదు. పరుగు ముగించి అటునుంచి అటే ఆఫీసుకో కాలేజీకో వెళ్లేవారికి మాత్రం అది నిజంగా అక్కరకొస్తుంది.

పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్ అరగనివారు వే ప్రొటీన్‌లో (పాల విరుగుడు నీటి నుంచి తీసేది) కాన్సెంట్రేట్ రకాన్ని వదిలి, లాక్టోజ్ బాగా తక్కువుండే ఐసొలేట్ రకాన్ని ఎంచుకోవాలి. అదీ పడకపోతే సోయా, బఠానీ ప్రొటీన్లున్నాయి. ఆకుపచ్చ చుక్క చూసి వీగన్లు, అంటే పాలు కూడా ముట్టనివారు, మోసపోకూడదు. పాలతో చేసిన బార్‌కూ అదే చుక్క ఉంటుంది, వీగన్ గుర్తు వేరు. జంతువుల నుంచి తీసే జెలటిన్, కొల్లాజెన్ కలిపితే మాంసాహార గుర్తయిన గోధుమరంగు త్రికోణం ఉంటుంది. గోధుమలోని గ్లూటెన్ పడనివారికి ఓట్స్‌తోనూ చిక్కే, వాటిలో గోధుమ కలిసే అవకాశముంది. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టరును అడగకుండా ప్రొటీన్ బార్ జోలికి వెళ్లకూడదు.

మధుమేహం ఉన్నవారిని ఎక్కువగా తప్పుదోవ పట్టించేది ఖర్జూరం బారే. ‘అదనపు చక్కెర సున్నా’ అన్నది అక్షరాలా నిజం. కానీ వంద గ్రాముల ఎండు ఖర్జూరంలో సహజంగానే 60 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. చూడవలసింది దాని పక్కనే ఉండే ‘మొత్తం చక్కెరలు’ అన్న వరస. మా మావయ్యగారు ఆరోగ్యానికి మంచిదని రోజూ రెండు బార్లు తినేవారు. ఆ వరస చూపించిన రోజు నుంచి వేయించిన సెనగలకు మారారు.

వచ్చే ఆదివారం నాకు 18 కిలోమీటర్ల పరుగు ఉంది. సంచిలో గింజ తీసిన ఖర్జూరాలు ఎనిమిది పెట్టుకుంటాను. తిరిగొచ్చేసరికి పెసరట్ల పిండి సిద్ధంగా ఉండాలని శనివారం రాత్రే పెసలు నానబెడతాను.