పీ0016 వస్తే వాల్వ్ ముందా, చైన్ ముందా?

స్పోర్ట్స్ కారులో పీ0016 ఫాల్ట్ కోడ్, అంటే క్యామ్‌కీ (వాల్వులు తెరిచే షాఫ్ట్) క్రాంక్‌కీ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) పొంతన కుదరట్లేదని రాగానే, మన నెల్లూరులో చాలామంది నేరుగా ఆ రెండిటినీ కలిపే టైమింగ్ చైన్ విప్పేద్దామంటారు. నేనైతే ముందు ఆయిల్ కంట్రోల్ వాల్వ్ (ఆయిల్ ఒత్తిడితో క్యామ్ టైమింగ్ మార్చేది) చూడమంటాను. ఒకటో రెండో బోల్టులు, ఒక కనెక్టర్, ఇంటి ముందే అయిపోయే పని. బయటికి తీసి జాలీలో మడ్డి ఉందేమో చూసి, క్షణంపాటు 12 వోల్టులు ఇస్తే లోపలి స్పూల్ (జారే చిన్న కడ్డీ) చటుక్కున కదలాలి.

చైన్ అయితే కవరు తీయాలి, షాఫ్ట్‌లు కదలకుండా పట్టే లాకింగ్ టూల్ కావాలి, పళ్లు తప్పితే చాలా ఇంజిన్లలో పిస్టన్ వెళ్లి వాల్వులకి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి బిగించాక క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి మార్కులు కలిశాకే స్టార్ట్ చేయాలి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ చైన్ వైపు గలగలమంటే మాత్రం చైన్ వదులైందని అనుమానించాలి, వాల్వ్‌తో కాలయాపన వద్దు. టూల్ లేదా? రికవరీ బండి ఎక్కించి చెన్నై పంపండి, నడుపుకుంటూ వెళ్లొద్దు.