ఒక్క మీటతో బేస్‌నూ డ్రమ్స్‌నూ సరిచేస్తామనే ప్లగిన్‌లు కొనేముందు జాగ్రత్త

ఎలక్ట్రానిక్ సంగీతాన్ని సొంతంగా మిక్స్ చేసుకుంటున్నవారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. కిక్ డ్రమ్‌కూ బేస్‌కూ మధ్య సమతూకాన్ని ఒకే మీటతో కుదిర్చిపెడతామని చెప్పుకునే ఒక ప్లగిన్‌ను (సంగీత సాఫ్ట్‌వేర్‌కు జతచేసుకునే చిన్న ప్రోగ్రామ్), దానితో జతగా అమ్ముతున్న డ్రమ్ శాంపిళ్ల (ముందే తయారుచేసిన డ్రమ్ శబ్దాల) ప్యాక్‌ను పూర్తి ధర చెల్లించి కొన్నాను. ప్లగిన్ పాటను వింటుందని, శ్రుతినీ టెంపోనూ గుర్తించి వాటికి తగిన మార్పులు చేస్తుందని ప్రకటనలో స్పష్టంగా ఉంది. పరీక్షించి చూస్తే అలాంటిదేమీ జరగడం లేదు. అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తరహా వాగ్దానాలతో మరికొన్ని కూడా అమ్ముడవుతున్నందున, ఒక పేరు తెలియడం కన్నా పసిగట్టే పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

అన్నిటికన్నా ముందు గమనించవలసింది ధ్వని స్థాయి. డెమోలో ‘ముందు’, ‘తరువాత’ అని రెండు మీటలు ఉంటాయి. ‘తరువాత’ నొక్కగానే బేస్ నిండుగా, కిక్ గట్టిగా వినిపించి, ఇన్నాళ్లూ మన మిక్స్‌లో లోపించింది ఇదేనని అనిపిస్తుంది. లౌడ్‌నెస్ మీటర్ పెట్టి చూస్తే మాత్రం ఆ మీట పాట మొత్తాన్ని సుమారు 3 డెసిబెల్స్ పెంచుతోంది. మన చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒకేలా వినదని ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన కొలతలే చూపించాయి: స్థాయి తక్కువగా ఉన్నప్పుడు మంద్ర ధ్వనులు అందీ అందనట్లు ఉంటాయి, స్థాయి పెరిగేకొద్దీ తక్కినవాటికన్నా త్వరగా పుంజుకుంటాయి. అందువల్ల వేరే ఏ మార్పూ చేయకుండా వాల్యూమ్ కాస్త పెంచినా బేస్ బాగుపడినట్లే తోస్తుంది. ‘తరువాత’ను తగ్గించి రెండింటినీ సమాన స్థాయిలో విన్నప్పుడు ఆ నిండుదనంలో చాలా భాగం పోయింది, పైగా లోపల ఉన్న లిమిటర్ (ధ్వనిని ఒక హద్దు దాటనీయని భాగం) శిఖరాలను నొక్కేయడం వల్ల కిక్ మొదటి దెబ్బ మొద్దుబారింది. పాట విడుదలయ్యాక స్ట్రీమింగ్ సేవలు ఎలాగూ స్థాయిని సర్దుతాయి. స్పాటిఫై మామూలు అమరిక −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినబడే లౌడ్‌నెస్‌ను కొలిచే ప్రమాణం). అంటే ఆ పెంపు శ్రోత దాకా చేరదు, నలిగిన కిక్ మాత్రం చేరుతుంది.

ప్లగిన్ పాటను నిజంగా వింటోందా అన్నది తేల్చడానికి సులువైన పరీక్ష ఉంది. ఎఫ్ మైనర్‌లో ఉన్న ఒక పాటనూ, ఎ మైనర్‌లో ఉన్న, టెంపో కూడా పూర్తిగా వేరైన మరో పాటనూ దానికి విడివిడిగా వినిపించి, అది ఎంచుకున్న అమరికలను భద్రపరిచాను. తరువాత ఒకే పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన పరీక్ష శబ్దం) ఫైల్‌ను ఆ రెండు అమరికల గుండా పంపి, వచ్చిన ఫలితాల్లో ఒకదాని పొలారిటీని తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండింటినీ కలిపాను. రెండూ అచ్చంగా ఒకటే అయితే ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. అమరికల్లో ఏమాత్రం తేడా ఉన్నా ఏదో ఒక శబ్దం మిగలాలి. ఏమీ మిగల్లేదు. తెర మీద తరంగాలు కదులుతూ విశ్లేషణ జరుగుతున్నట్లు కనిపించినా, రెండు పాటలకూ అది వేసింది ఒకే ఈక్వలైజర్ (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే అమరిక): 60 హెర్ట్జ్ దగ్గర పెంపు, 90 హెర్ట్జ్ దగ్గర కోత.

ఇది చిన్న లోపం కాదు. ఎ స్వరంలో మోగే బేస్ మూల ఫ్రీక్వెన్సీ 55 హెర్ట్జ్. ఎ మైనర్ పాటలో నా కిక్ కూడా దాదాపు అక్కడే ఉంది. ఒకదానికొకటి చోటివ్వవలసిన రెండింటినీ కలిపి పెంచితే లిమిటర్ మీద భారం పెరిగి, తక్కిన వాద్యాలన్నీ కిక్‌తోపాటు ఊగడం మొదలైంది. ఎఫ్ పాటలో బేస్ మూలం 43.65 హెర్ట్జ్, పెంపు ప్రధానంగా దానికి పైన పడింది. దాని రెండో హార్మోనిక్ (మూలానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ) అయిన 87.3 హెర్ట్జ్ మాత్రం సరిగ్గా కోతలో పడి, బేస్ బలం సన్నగిల్లింది. కిక్ ఎక్కడ ఉంది, బేస్ ఏ స్వరాల మీద నడుస్తోంది, ఈ పాటలో అన్నిటికన్నా కింద ఉండవలసినది ఏది అన్న ప్రశ్నలకు జవాబు ప్రతి పాటలోనూ మారుతుంది కనుక, స్థిరమైన ఈక్వలైజర్ వాటిని తీర్చగలదని నేను నమ్మను.

సైడ్‌చెయిన్ కథ కూడా ఇంతే. కిక్ పడినప్పుడల్లా బేస్‌ను తగ్గించి, తిరిగి పైకి తేవడానికి ఇది సుమారు 400 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 128 బీపీఎమ్ (నిమిషానికి 128 బీట్లు) వద్ద బీట్‌కూ బీట్‌కూ మధ్య 469 మిల్లీసెకన్లు ఉంటాయి కాబట్టి ఇబ్బంది తెలియదు, డెమో పాటలన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. 174 బీపీఎమ్‌లో ఆ వ్యవధి 345 మిల్లీసెకన్లే. కిక్ ప్రతి బీట్‌కూ పడే చోట బేస్ పూర్తిగా కోలుకోకముందే మళ్లీ అణగిపోతుంది. దీన్ని మార్చుకునే మీట ఇవ్వలేదు.

బేస్‌ను ‘విశాలం’ చేసే విభాగం మరింత ప్రమాదకరం. అది ఎడమ, కుడి చానళ్ల మధ్య ఫేజ్‌ను (తరంగాల ఎత్తుపల్లాలు ఒకదానితో ఒకటి కలిసే తీరును) మార్చి వెడల్పు తెస్తోంది. మోనోలో కలిపి వింటే సబ్ బేస్ (అన్నిటికన్నా కిందనున్న మంద్ర ధ్వని) దాదాపు మాయమవుతోంది. చాలా క్లబ్బుల్లో సబ్‌వూఫర్లకు వెళ్లేది మోనోయే కాబట్టి, హెడ్‌ఫోన్స్‌లో అద్భుతంగా ఉన్న పాట అక్కడ బోలుగా వినిపిస్తుంది. ఇక శాంపిళ్ల ప్యాక్‌లోని కిక్‌లు చాలామటుకు ముందే క్లిప్ అయి ఉన్నాయి. తరంగాన్ని పెద్దది చేసి చూస్తే పైభాగం చదునుగా కనబడుతుంది.

డబ్బు వాపసు అడిగితే, మీ గది ధ్వనిపరంగా సరిగా లేకపోవడం వల్లే ఇలా వినిపిస్తోందని జవాబు వచ్చింది. గది ప్రభావం మంద్ర ధ్వనుల మీద చాలా ఉంటుందన్నది నిజమే గాని, నేను పంపిన పరీక్ష ఫైళ్లలో గదికి చోటే లేదు; అవి కంప్యూటర్ లోపలే జరిగిన లెక్క. రెండో ఉత్తరానికి, యాక్టివేట్ అయిన లైసెన్స్‌కు వాపసు ఉండదన్న నిబంధనను మాత్రమే చూపారు. ట్రయల్ వెర్షన్‌లో ఫైల్ ఎగుమతిని ఆపేసినందువల్ల, కొనకముందు ఈ పరీక్ష చేసే దారి కొనుగోలుదారుకు ఉండదు. ఇలాంటిది కొనాలనుకుంటే ఎగుమతి పనిచేసే ట్రయల్ కావాలని ముందే అడగండి, స్థాయిలు సమానం చేసి వినండి, ఒకసారి మోనోలోనూ వినండి.

ఇప్పటికే కొన్నవారు వెడల్పు విభాగాన్నీ లిమిటర్‌నూ ఆపివేస్తే నష్టం కొంత తగ్గుతుంది. అమ్మకందారు సరిచేసిన వెర్షన్ విడుదల చేస్తే ఇవే ఫైళ్లతో మళ్లీ పరీక్షించి, ఫలితాన్ని ఇక్కడే చేరుస్తాను.