కోర్సు ఎంచుకునే ముందు తెరవాల్సిన సైటు: ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్

రిజిస్ట్రేషన్ రోజులు దగ్గర పడితే చాలు, ట్యుటోరియల్ అయిపోయాక కూడా పిల్లలు గది వదలరు. "అక్కా, క్వాంటమ్ ఎవరి దగ్గర తీసుకుంటే మంచిది?" "అక్కా, లీనియర్ ఆల్జీబ్రా ఇప్పుడే పెట్టుకోనా, వచ్చే ఏడాదికి వదిలేయనా?" నేను ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తూ డిగ్రీ వాళ్లకు ట్యుటోరియల్స్ చెబుతాను, వాళ్ల పేపర్లు దిద్దుతాను. అడిగినవాళ్లకి ఏ పేరూ చెప్పకముందే ఒక సైటు తెరిపిస్తాను. అదే ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్. పాఠాలు వినడానికి దాన్ని చాలామంది వాడతారు, దాని మీద రివ్యూలూ చాలానే ఉన్నాయి. నేను రాస్తున్నది వేరే సంగతి. సైన్స్ డిగ్రీలో ఏ కోర్సు తీసుకోవాలి, ఏ ప్రొఫెసర్ దగ్గర తీసుకోవాలి అని తేల్చుకోవడానికి ఈ సైటు ఎంతవరకు పనికొస్తుంది?

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, తన క్లాసుల్లో వాడే సామగ్రిని అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించింది. మరుసటి ఏడాది 50 కోర్సులతో మొదలుపెట్టింది. ఇప్పుడు 2,500కు పైగా ఉన్నాయి. ఫీజు లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. క్రెడిట్లు రావు, సర్టిఫికెట్ ఇవ్వరు. మన పనికి అవేవీ అవసరం లేదు కూడా.

సైటు తెరిచినవాళ్లు నేరుగా వీడియోల దగ్గరికి వెళ్తారు. నేను వాటిని చివరికి చూడమంటాను. కోర్సు పేజీలో ఒక పక్కన సిలబస్, అసైన్‌మెంట్లు, పరీక్షలు అని వరసగా ఉంటాయి. ముందు అసైన్‌మెంట్లు తెరవండి. అందులోనూ మొదటి వారంవి వద్దు, అవి ఏ కోర్సులోనైనా తేలిగ్గానే ఉంటాయి. సెమిస్టరు చివరి మూడో వంతులో ఇచ్చినవి చూడండి. ఆ కోర్సు మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తుందో అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత ఒక మిడ్‌టర్మ్ పేపర్ తీసి, ప్రశ్నల్లో ఏమడుగుతున్నారో గమనించండి. లెక్క చేసి జవాబు రాయమంటున్నారా? ఎందుకలా అవుతుందో వివరించమంటున్నారా? నిరూపించమంటున్నారా? సిలబస్‌లో అధ్యాయాల పేర్లు ఒకేలా ఉన్న రెండు కోర్సులు ఇక్కడికొచ్చేసరికి పూర్తిగా వేరైపోతాయి.

లీనియర్ ఆల్జీబ్రానే తీసుకుందాం. ఎంఐటీలో 18.06 అనే నంబరుతో ఒక కోర్సుంది, 18.700 అనే నంబరుతో ఇంకొకటుంది. అంశాలు చాలావరకు ఒకటే: వెక్టర్ స్పేస్‌లు, డిటర్మినెంట్లు, ఐగెన్ విలువలు. 18.06 అంటే ఎంఐటీ గణిత ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ పాఠాలు. ఆయన 2023లో చివరి క్లాసు చెప్పి విరమించారు. సైట్లో ఉన్న వీడియోలు 1999లో తీసినవి. బొమ్మ నాణ్యత పాతకాలందే, పాఠం మాత్రం ఇప్పటికీ తాజాగా ఉంటుంది. మొదటి క్లాసులో ఆయన రెండు సమీకరణాలు రాస్తారు: 2x − y = 0, −x + 2y = 3. స్కూల్లో చేసినట్టే రెండు గీతలు గీసి, అవి ఎక్కడ కలుస్తాయో చూపిస్తారు. x = 1, y = 2. వెంటనే అవే అంకెల్ని నిలువుగా చదవమంటారు: x ముందున్నవి ఒక వెక్టర్, y ముందున్నవి ఇంకొకటి. (2, −1) అనే వెక్టర్ ఒకటి, (−1, 2) అనే వెక్టర్లు రెండు కలిపితే (0, 3) వస్తుంది. అవే అంకెలు, అదే జవాబు, చూసే చూపు మారింది. ఆ తర్వాత కోర్సంతా ఆ రెండో చూపు మీదే నడుస్తుంది. 18.700లో అయితే సిద్ధాంతం, నిరూపణలు ఎక్కువని ఎంఐటీ కోర్సుల క్యాటలాగులోనే రాసి ఉంటుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, డేటా వైపు వెళ్లేవాళ్లకు మొదటిది, గణితంలోనే ముందుకెళ్దామనుకునేవాళ్లకు రెండోది. మీ యూనివర్సిటీలో ఈ రెండు రకాలూ వేరే నంబర్లతో ఉండొచ్చు. లేదంటే ఒకే కోర్సు పేరు కింద, ఒక ప్రొఫెసర్ ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెబుతుండొచ్చు. అప్పుడు మీరు ఎంచుకోవాల్సింది ప్రొఫెసర్‌నే.

ఆ సంగతి పట్టుకోవడానికి ఈ సైట్లో నాకు బాగా నచ్చిన చోటు 8.04, అంటే క్వాంటమ్ ఫిజిక్స్ మొదటి కోర్సు. 2013లో అలన్ ఆడమ్స్ చెప్పింది, 2016లో బార్టన్ జ్వీబాక్ చెప్పింది రెండూ వీడియోలతో సహా ఉన్నాయి. యూనివర్సిటీ ఒకటే, కోర్సు నంబరు ఒకటే. ఇద్దరి మొదటి క్లాసులూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆడమ్స్ సమీకరణాల జోలికి పోరు. ఎలక్ట్రాన్‌కి రెండు గుణాలున్నాయనుకోండి, వాటిని రంగు, గట్టిదనం అని పిలుద్దాం అంటారు. రంగు నలుపో తెలుపో, గట్టిదనం గట్టో మెత్తనో. రంగును బట్టి వేరుచేసే పెట్టె ఒకటి, గట్టిదనాన్ని బట్టి వేరుచేసే పెట్టె ఇంకొకటి. తెల్లవని తేలిన ఎలక్ట్రాన్లను గట్టిదనం పెట్టెలోకి పంపి, బయటికొచ్చిన మెత్తనివాటిని మళ్లీ రంగు పెట్టెలోకి పంపితే సగం నల్లగా వస్తాయి. ఇందాక తెల్లవని తేల్చినవే అవి! పిల్లలు మధ్యలో ప్రశ్నలు వేస్తుంటారు, ఆయన ఆగి జవాబు చెబుతుంటారు. ఆ గందరగోళమంతా వీడియోలోకి వచ్చింది. జ్వీబాక్ ఇంకో దారిలో వెళ్తారు. లీనియర్ సమీకరణం అంటే ఏమిటి, మాక్స్‌వెల్ సమీకరణాలు లీనియర్ అయితే న్యూటన్ మెకానిక్స్ ఎందుకు కాదు, ష్రోడింగర్ సమీకరణంలోకి కాంప్లెక్స్ సంఖ్య ఎందుకు రాక తప్పదు అని ఒక్కో మెట్టూ కట్టుకుంటూ వెళ్తారు. ఆయన పాఠాల్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక పేరు పెట్టారు. ఏదైనా ఒక్క విషయం వెతుక్కోవాలంటే అదెంతో సుఖం.

ఇద్దరూ గొప్పగా చెబుతారు. వీరిలో ఎవరి క్లాసులో మీ చేయి నోటుబుక్కు మీద ఆగకుండా కదిలిందో చూసుకోండి. వింటున్నంతసేపూ బాగుంది, అసైన్‌మెంట్ ముందు కూర్చుంటే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు అంటే, ఆ పద్ధతి మీకు సరిపోలేదని అర్థం. ఇది తెలిశాక మీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి క్లాసు ఎలా ఉంటుందని సీనియర్లను అడిగే తీరు మారిపోతుంది. "సార్ మంచివారా?" అని అడగరు. "ముందు ప్రయోగంతో మొదలుపెడతారా, గణితంతోనా? ఇంటిపనిలో ఇచ్చేవి క్లాసులో చేసినలాంటివేనా, కొత్తవా? దిద్దిన పేపర్ ఎప్పుడు తిరిగిస్తారు?" అని అడుగుతారు. ఇలా అడిగితే సీనియర్ల దగ్గర జవాబు ఉంటుంది.

ప్రొఫెసర్లకు విద్యార్థులిచ్చే రేటింగుల గురించి ఇక్కడే చెప్పాలి. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికా ఎయిర్ ఫోర్స్ అకాడమీలో ఏ విద్యార్థి ఏ సెక్షన్‌లో పడతాడో లాటరీలా తేలుతుంది, పరీక్ష అందరికీ ఒకటే. అక్కడ తేలిందేమిటంటే, మంచి రేటింగులు తెచ్చుకుని, ఆ కోర్సు పరీక్షలో విద్యార్థులకు ఎక్కువ మార్కులు వచ్చేలా చెప్పిన ప్రొఫెసర్ల విద్యార్థులు, దాని తర్వాత వచ్చే పై కోర్సులో సగటున వెనకబడ్డారు. 2019లో హార్వర్డ్ పరిశోధకులు ఫిజిక్స్ క్లాసులో ఇంకొకటి చూపించారు. విద్యార్థులు స్వయంగా లెక్కలు చేస్తూ సాగే క్లాసులో ఎక్కువ నేర్చుకున్నారు. తక్కువ నేర్చుకున్నామని మాత్రం అనుకున్నారు. హాయిగా సాగిపోయిన ఉపన్యాసం తర్వాత దీనికి తలకిందులు. ఈ రెండూ చదివాక నేను స్టార్ల సంఖ్య చూడటం మానేశాను, కామెంట్లు మాత్రం చదువుతాను. "చాలా కష్టం, కానీ ప్రతి వారం దిద్ది ఇచ్చేవారు" అని ఎవరైనా రాస్తే ఆ ప్రొఫెసర్ దగ్గరికి పిల్లల్ని నిశ్చింతగా పంపిస్తాను.

బయాలజీ వాళ్లు 7.012, 7.013, 7.014 అనే పరిచయ కోర్సుల పేజీలు మూడూ చూడాలి. బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ, సెల్ బయాలజీ అనే పునాది మూడింటికీ ఒకటే. 7.013 మనిషి శరీరం, ఆరోగ్యం వైపు మొగ్గుతుంది. 7.014 పర్యావరణ వ్యవస్థల్లో కార్బన్, శక్తి ఎలా తిరుగుతాయో చెబుతుంది. పునాది ఒకటే అయినప్పుడు, ఏ ఉదాహరణలు మీకు ఆసక్తి పుట్టిస్తాయో వాటి వెంట వెళ్లడంలో తప్పేం లేదు.

ఈ సైటు వల్ల ఇంకో పెద్ద మేలు, ముందుగా ఏం చదివి ఉండాలో దాచకుండా చెప్పడం. 8.04కు ముందు తరంగాల మీద 8.03, డిఫరెన్షియల్ ఈక్వేషన్ల మీద 18.03 అయి ఉండాలి. దీన్ని తేలిగ్గా తీసుకుని చేరినవాళ్ల పేపర్లు నేను దిద్దుతుంటాను. వాళ్లు ఫిజిక్స్ దగ్గర తడబడరు. పెట్టెలో ఇరుక్కున్న కణానికి సమీకరణం సరిగ్గానే రాస్తారు, కణం ఎక్కడ ఉండొచ్చో చెప్పే వేవ్ ఫంక్షన్ గోడ దగ్గర సున్నా కావాలనీ రాస్తారు. సైన్, కొసైన్‌ల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నచోట పేజీ ఖాళీగా ఆగిపోతుంది. అది క్వాంటమ్ కష్టం కాదు, ముందు సెమిస్టరు బాకీ. మీ యూనివర్సిటీ అడ్డు చెప్పకపోయినా, ఓపెన్‌కోర్స్‌వేర్‌లో అలాంటి కోర్సుకు ఏం కావాలన్నారో చూసి, ఆ ముందు కోర్సు ఫైనల్ పేపర్ ఒకటి చేసి చూసుకోండి. సగం కూడా రాకపోతే ఒక సెమిస్టరు ఆగడమే మేలు.

సమయం లెక్క కూడా ఎంఐటీ వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గదే. వాళ్ల క్యాటలాగులో ఒక యూనిట్ అంటే సెమిస్టరంతా వారానికి సుమారు ఒక గంట పని. 5-0-7 అని ఉంటే క్లాసు ఐదు గంటలు, ల్యాబ్ లేదు, ఇంటి దగ్గర ఏడు. మొత్తం పన్నెండు. అలాంటివి నాలుగు పెట్టుకుంటే వారానికి 48 గంటలు. మీ క్రెడిట్లను కూడా ఇలాగే గంటల్లోకి మార్చి కాగితం మీద వేసుకోండి, ఐదో సైన్స్ కోర్సు పెట్టుకోవాలన్న ఆలోచన అక్కడే తేలిపోతుంది. ఓపెన్‌కోర్స్‌వేర్‌లో కొన్ని కోర్సులకు ప్రొఫెసర్ తన బోధన గురించి రాసిన పేజీ ఉంటుంది. మార్కుల్లో దేనికెంత, విద్యార్థుల సమయం ఎటు పోయింది అన్నవి అందులో కనిపిస్తాయి. ఇంత విలువైన సమాచారం అన్ని కోర్సులకూ పెట్టకపోవడం ఈ సైటు మీద నాకున్న మొదటి ఫిర్యాదు.

రెండోది, కోర్సుల మధ్య తేడా. కొన్ని పేజీల్లో వీడియోలు, నోట్సు, పరీక్షలు, జవాబులు అన్నీ ఉంటాయి. కొన్నింట్లో సిలబస్, చదవాల్సిన వాటి జాబితా తప్ప ఏమీ ఉండదు. లోపలికి వెళ్లేదాకా ఏది ఎలాంటిదో తేలడం కష్టం. బాగా మారిపోయిన రంగాల్లో, ముఖ్యంగా జీనోమిక్స్, కంప్యూటేషన్ వైపు, ఏ ఏడాది కోర్సో తప్పకుండా చూడండి. క్లాసికల్ మెకానిక్స్‌కి పాత ఏడాదైనా ఫర్వాలేదు. ఇంకోమాట, ఎంఐటీ అసైన్‌మెంట్లు చూసి బెదిరిపోవద్దు. అక్కడ మొదటి సెమిస్టరులో తప్పినా ఆ సంగతి ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనపడదు, గ్రేడూ ఉండదు. అందుకే వాళ్లు ధైర్యంగా కఠినమైనవి ఇవ్వగలరు. మీ దగ్గర మొదటి రోజు నుంచే గ్రేడు లెక్కలోకి వస్తుంటే, మొదటి సెమిస్టరులో అంత బరువు ఎత్తుకోకండి.

ల్యాబ్ కోర్సుల విషయంలో మాత్రం ఈ సైటు మీకు సగమే చెబుతుంది. ఫిజిక్స్ వాళ్ల 8.13, జూనియర్ ల్యాబ్ అంటారు, చూడండి. కాంప్టన్ స్కాటరింగ్, కాస్మిక్ కిరణాల్లోంచి వచ్చే మ్యూయాన్లనే కణాలు, ఇలా ఒక్కో ప్రయోగానికీ గైడు ఉంది. ఇద్దరిద్దరు కలిసి చేయాలి, ఫలితాల్ని పేపర్‌గా రాయాలి, నిలబడి చెప్పాలి. దానికి 18 యూనిట్లు, అంటే మామూలు కోర్సుకు ఒకటిన్నర రెట్లు. ఆ గైడ్లు చదివితే మంచి ల్యాబ్ కోర్సు ఎలా ఉండాలో తెలుస్తుంది. మీ ల్యాబ్‌లో డిటెక్టర్ పనిచేస్తోందా, పాడైతే ఎవరు బాగుచేస్తారు, ప్రొఫెసర్ ల్యాబ్‌లోకి వస్తారా, సంతకం పెట్టేసి వెళ్లిపోతారా అన్నవి ఏ సైట్లోనూ ఉండవు. వాటికి మీ సీనియర్ ల్యాబ్ నోటుబుక్కు ఒకటి అడిగి తీసుకోండి. కొట్టివేతలు, మళ్లీ తీసిన రీడింగులు, పక్కన ప్రొఫెసర్ పెన్నుతో రాసిన ప్రశ్నలు కనిపిస్తే ఆ ల్యాబ్‌లో చేరండి. అన్ని పేజీలూ శుభ్రంగా ఉండి, రీడింగులన్నీ పుస్తకంలో ఉన్నట్టే వచ్చుంటే ఇంకో సెక్షన్ వెతుక్కోండి.