క్రూజ్‌కి ముందా, తర్వాతా? ఊళ్ళో ఉండే రాత్రులు ఎటు పెట్టుకుంటే మేలు

క్రూజ్ టికెట్ కొనేటప్పుడు ఓడ ఎంత పెద్దది, క్యాబిన్‌కి బాల్కనీ ఉందా, మధ్యలో ఏయే ఊళ్ళలో ఆగుతుంది, ఇవన్నీ పట్టిపట్టి చూస్తాం. ఓడ బయల్దేరే ఊరిని మాత్రం బస్టాండులా చూస్తాం, ఎక్కి వెళ్ళిపోయే చోటే కదా అన్నట్టు. తీరా అది బార్సిలోనా అయి ఉంటుంది, కాకపోతే ఏథెన్స్, సింగపూర్, వాంకూవర్. అంత దూరం వెళ్ళి ఆ ఊరు చూడకుండా వచ్చేయడమేంటి అనిపించి, సెలవులో ఇంకో రెండు మూడు రోజులు కలుపుకుంటాం. ఆ రోజులు ఓడెక్కే ముందు పెట్టుకోవాలా, దిగాకా?

నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్క రాత్రికే వీలైతే అది ముందే ఉండాలి, అందులో బేరం లేదు. మూడు నాలుగు రాత్రులు దొరికితే ఒకటి ముందు ఉంచుకుని, మిగతావన్నీ తర్వాతకి పెట్టండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు మూడు రోజులు ఊరంతా తిరిగి, కాళ్ళు పట్టేసి ఓడెక్కుతారు. దిగిన రోజే మధ్యాహ్నం ఫ్లైట్ అంటూ టాక్సీ కోసం పరుగెడతారు.

ముందు రాత్రి ఎందుకు

ఆ రాత్రిని ఊరి ఖాతాలో రాయకండి, ఓడ ఖాతాలో రాయండి. సాయంత్రం అయిదింటికి బయల్దేరే ఓడ చెక్-ఇన్‌ని అయిదు దాకా ఉంచరు. మామూలుగా గంటా గంటన్నర ముందే మూసేస్తారు. ఫ్లైట్ తప్పితే ఇంకో ఫ్లైట్‌లో ఎక్కిస్తారు. ఓడ తప్పితే సొంత ఖర్చుతో తర్వాతి పోర్ట్‌కి వెళ్ళి అక్కడ ఎక్కాలి. ఆ పోర్ట్ వేరే దేశంలో ఉంటే దాని వీసా చేతిలో ఉండాలి. 2024 జులై 19న ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ బెడిసికొట్టి ప్రపంచమంతటా ఎయిర్‌పోర్టుల్లో కంప్యూటర్లు నిలిచిపోయాయి, వేల ఫ్లైట్లు రద్దయ్యాయి. ఆ రోజు శుక్రవారం. వారాంతంలో బయల్దేరే ఓడల కోసం అదే రోజు, మర్నాడు ఎగరాల్సినవాళ్ళ పరిస్థితి ఊహించుకోవచ్చు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద చిమ్మినప్పుడైతే యూరప్ ఆకాశం దాదాపు వారం మూతపడింది. అలాంటప్పుడు ఒక రాత్రి ముందు వచ్చినా లాభం ఉండదనుకోండి, కానీ అలాంటివి పదేళ్ళకోసారి. రోజూ జరిగేవి చిన్నవే: రెండు గంటల ఆలస్యం, తప్పిన కనెక్షన్, రాని పెట్టె.

రాని పెట్టె సంగతి మాకు తెలుసు. ఓసారి ఓడకి ముందు రోజు సాయంత్రం దిగాం. మనుషులం దిగాం గానీ రెండు పెట్టెల్లో ఒకటి దిగలేదు. బెల్టు మీద ఎవరిదో బేబీ స్ట్రోలర్ ఒక్కటే తిరుగుతోంది, కాసేపటికి అదీ ఆగిపోయింది. కౌంటర్‌లో ఫారం ఇచ్చి, పెట్టె దొరికితే ఎక్కడికి పంపాలో రాయమన్నారు. హోటల్ అడ్రస్ రాశాం. మర్నాడు పదిన్నరకి పెట్టె రిసెప్షన్‌కి వచ్చింది, ఒక చక్రం విరిగి. పదకొండింటికి దాన్ని ఈడ్చుకుంటూ పోర్ట్‌కి బయల్దేరాం. అదే పొద్దున్న దిగి ఉంటే ఆ ఫారంలో ఏ అడ్రస్ రాసేవాళ్ళమో నాకిప్పటికీ తెలియదు. రోజుకో ఊళ్ళో ఉండే ఇంటికి పెట్టె పంపించడం ఎలా?

ఇంకో సుఖం కూడా ఉంది. హోటల్ గది ఖాళీ చేయాల్సింది పదకొండుకో పన్నెండుకో, ఓడలోకి ఎక్కించుకోవడం మొదలయ్యేదీ ఇంచుమించు అప్పుడే. ఒకటి వదిలితే ఇంకొకటి పట్టుకుంటుంది, మధ్యలో సామాను పట్టుకుని తిరిగే పని లేదు. తర్వాత ఉండేవాళ్ళకి ఈ సుఖం దొరకదు, దాని గురించి కింద చెప్తాను.

మరి ముందే మూడు రాత్రులు ఉంటే తప్పేంటి? తప్పేమీ కాదు, దండగ. టైమ్ తేడా ఎక్కువున్న చోటికి వెళ్తే ఒంటికి అలవాటు పడటానికి గంట తేడాకి ఒక రోజు పడుతుందని మోటు లెక్క, తూర్పు వైపు వెళ్తే ఇంకా కష్టం. అంటే ఊరు చూడటానికి పెట్టుకున్న రోజుల్లోనే మీరు సగం నిద్రలో ఉంటారు. రాత్రి రెండింటికి మెలకువ, మధ్యాహ్నం మూడింటికి మ్యూజియం బెంచీ మీద కునుకు. పైగా మనసంతా ఓడ మీదే ఉంటుంది, బోర్డింగ్ పాస్ ప్రింట్ తీశామా, పాస్‌పోర్ట్ ఏ సంచిలో పెట్టాం అని. ఏది కొన్నా దాన్ని వారం రోజులు క్యాబిన్‌లో దాచాలి, ఆ క్యాబినేమో అగ్గిపెట్టెంత. అదే ఓడలో వారం గడిపాక ఒంటికి ఆ టైమ్ అలవాటైపోయి ఉంటుంది. ఊరు చూడాల్సింది అప్పుడు.

ఒక మినహాయింపు ఒప్పుకుంటాను. ఎనిమిది, పది గంటల టైమ్ తేడా ఉన్న చోటికి, చిన్నపిల్లలతోనో పెద్దవాళ్ళతోనో వెళ్తుంటే ముందు రెండు రాత్రులు పెట్టుకోండి. రెండో రాత్రి కేవలం నిద్రకే.

దిగే పొద్దున్న

తర్వాత ఉండటంలో ఉన్న చిక్కు మొత్తం ఆ ఒక్క పొద్దున్నలోనే ఉంది. చివరి రాత్రి పెట్టెలకి రంగు ట్యాగులు కట్టి క్యాబిన్ బయట పెట్టమంటారు. పదకొండు లోపు పెడితే వాళ్ళే తీసుకెళ్ళి పొద్దున్నకి టెర్మినల్‌లో వరసగా పెడతారు. ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. ఉత్సాహంగా అన్నీ సర్దేసి పెట్టె బయట పెట్టేస్తారు. తలుపు మూశాక చూసుకుంటే రేపు వేసుకోవాల్సిన ప్యాంటు కూడా అందులోనే వెళ్ళిపోయి ఉంటుంది. మర్నాటి బట్టలు, మందులు, పాస్‌పోర్ట్, ఛార్జర్, ఈ నాలుగూ చేతిసంచిలో పెట్టాకే పెట్టెకి తాళం వేయండి.

పొద్దున్న ఎనిమిది అటూ ఇటూగా క్యాబిన్ ఖాళీ చేయమంటారు. మీ ట్యాగు రంగు పిలిచేదాకా ఏ లాంజ్‌లోనో కూర్చోవాలి. తొమ్మిదికల్లా మీరు రోడ్డు మీద ఉంటారు. హోటల్ గది మూడింటికి. మధ్యలో ఆరు గంటలు, చేతిలో రెండు పెట్టెలు. తర్వాత ఉండటం మాకు పడలేదు అనేవాళ్ళలో సగం మంది ఈ ఆరు గంటల్ని తిట్టుకునేవాళ్ళే. మందు సులువే: నేరుగా హోటల్‌కి వెళ్ళి సామాను అక్కడ పెట్టించుకుని వెంటనే బయటపడండి. దాదాపు అన్ని హోటళ్ళూ ఉంచుకుంటాయి, బుక్ చేసేటప్పుడే ఒక మాట అడగండి చాలు. గదిలోకి వెళ్ళి కాసేపు నడుం వాల్చి అప్పుడు తిరుగుదాం అనుకున్నారో, ఆ రోజు పోయినట్టే.

దిగిన మొదటి రోజు నిలబడ్డచోట నేల ఊగుతున్నట్టు అనిపిస్తే భయపడకండి. ఒళ్ళు ఇంకా ఓడలోనే ఉంటుంది. ఎక్కువమందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అందుకే ఆ రోజు ఎత్తయిన గోపురాలు, సన్నటి మెట్లు పెట్టుకోకుండా చల్లగా పార్కుల్లో, వీధుల్లో తిరగడం మంచిది.

ఈ చిక్కులన్నీ కలిపి చూసినా తర్వాత ఉండటమే నాకు నచ్చడానికి పెద్ద కారణం, దిగిన రోజు ఫ్లైట్ టెన్షన్ ఉండదు. ఓడ సరిగ్గా టైముకే తిరిగొస్తుందని ఎవరూ రాసివ్వరు. అమెరికాలో గాల్వెస్టన్ లాంటి చోట్ల చలికాలం పొగమంచు పడితే ఓడలు బయటే గంటల తరబడి ఆగిపోతాయి. పదకొండింటి ఫ్లైట్ ఉన్నవాళ్ళు డెక్ మీద అటూ ఇటూ తిరుగుతూ ఫోన్ చూసుకుంటుంటారు. సాయంత్రానికి హోటల్‌కి చేరితే చాలు అనుకునేవాళ్ళు ఇంకో కాఫీ తెచ్చుకుంటారు.

అయితే మాసిన బట్టలతో నిండిన పెట్టె, పలచబడ్డ పర్సు, ఇక ఇంటికే కదా అన్న నీరసం కూడా వెంట వస్తాయి. బట్టల సంగతి ఓడలోనే చివరి రెండ్రోజుల్లో ఉతికించుకుంటే తీరుతుంది. పర్సుకి మందు లేదు. హోటల్ డబ్బు ముందే కట్టేయడం ఒక్కటే దారి.

వారం ఏదో కూడా చూసుకోండి. ఓడలు చాలావరకు వారాంతంలోనే వచ్చి పోతాయి. రోమ్ కోసం ఆదివారం దిగారనుకోండి, వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. సోమవారం సెలవు పెట్టే మ్యూజియంలు యూరప్‌లో కొల్లలు. ఏథెన్స్‌లో కొండ మీదున్న పురాతన కట్టడాల చోటు అక్రోపోలిస్‌కి 2023 నుంచి రోజుకి 20,000 మంది అని పరిమితి పెట్టి, గంటల వారీగా టికెట్లు ఇస్తున్నారు. దిగే రోజు పొద్దున్న తొమ్మిది టికెట్ కొనకండి, మర్నాటికి కొనండి.

పోర్ట్ ఊరేనా, కాదా

టికెట్ మీద రాసిన ఊరు పేరు నమ్మకండి. రోమ్ అని రాసి ఉంటే ఓడ ఆగేది చివిటావెక్కియాలో, రోమ్‌కి దాదాపు 80 కిలోమీటర్లు. లండన్ అంటే చాలాసార్లు సౌతాంప్టన్, వాటర్లూ స్టేషన్ నుంచి రైల్లో గంటా ఇరవై నిమిషాలు. పారిస్ అంటే లె హావ్ర్, బెర్లిన్ అంటే వార్నెముండె. ఈ చివరిదైతే మూడు గంటల ప్రయాణం. వెనిస్ సంగతి మరీ తమాషా. 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడల్ని ఊరి నడిబొడ్డు కాలవలోకి రానివ్వడం లేదు. వెనిస్ పేరుతో అమ్మే కొన్ని క్రూజ్‌లు ఇప్పుడు రావెన్నా నుంచి నడుస్తాయి, అక్కణ్ణుంచి వెనిస్‌కి రోడ్డు మీద రెండు గంటల పైనే.

ఇలాంటి చోట్ల ముందు రాత్రి, తర్వాతి రాత్రులు ఒకే హోటల్‌లో ఉండాలన్న పట్టు వదిలేయండి. ముందు రాత్రి పోర్ట్ ఊళ్ళోనే, వీలైతే పోర్ట్‌కి దగ్గరలోనే, ఏదో ఒక మామూలు గది చాలు. చివిటావెక్కియాలో ఉండి చూసేదేముంది అంటారా, మీరు చూడటానికి ఉండట్లేదు కదా. దిగాక నేరుగా రైలెక్కి రోమ్ నడిబొడ్డుకి వెళ్ళిపోండి, రెండు మూడు రాత్రులు అక్కడ. బార్సిలోనా, సింగపూర్‌లలో ఈ బాధ లేదు. బార్సిలోనాలో టెర్మినల్ నుంచి ఊరి నడిబొడ్డు వీధి రాంబ్లా కొసకి కారులో పది పదిహేను నిమిషాలు. సింగపూర్ మరీనా బే టెర్మినల్ పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. ఏథెన్స్ మధ్యరకం. 2022 అక్టోబరులో మెట్రో మూడో లైను, ఓడలు ఆగే పిరేయస్ దాకా పొడిగించారు, ఎయిర్‌పోర్ట్ నుంచి రైలు మారకుండా రావచ్చు. స్టేషన్ నుంచి క్రూజ్ టెర్మినళ్ళ దాకా మాత్రం పెట్టెలతో నడవాలనుకోకండి.

ఎక్కే ఊరూ దిగే ఊరూ వేరైతే నా సూత్రం కాస్త మారుతుంది. అలాస్కా వన్-వే క్రూజ్ తీసుకోండి. ఒక కొస వాంకూవర్, ఇంకో కొస సీవార్డ్ లేదా విట్టియర్. వాంకూవర్‌లో ఓడలు ఆగే కెనడా ప్లేస్ ఊరి మధ్యలోనే ఉంది, హోటల్ నుంచి పెట్టె లాక్కుంటూ నడిచి వెళ్ళొచ్చు. సీవార్డ్ నుంచి అలాస్కాలోని పెద్ద ఊరు యాంకరేజ్‌కి 200 కిలోమీటర్లు. వాంకూవర్‌లో దిగే దిశలో టికెట్ దొరికితే అదే తీసుకుంటాను నేను. ఉత్తరానికి వెళ్ళే ఓడే దొరికితే వాంకూవర్‌లో ముందే రెండు రాత్రులు ఉంటాను. ఎందుకంటే అవతలి కొసన దిగాక మనసు లాగేది ఊరు వైపు కాదు, డెనాలి కొండల వైపు.

ఇంకో దారి కూడా ఉంది, దీన్ని ఎవరూ లెక్కేసుకోరు. కొన్ని ఓడలు మొదటి రాత్రో చివరి రాత్రో పోర్ట్‌లోనే లంగరు వేసి ఉంటాయి. అప్పుడు ఓడే మీ హోటల్, ఊరు చూసొచ్చి మీ మంచం మీదే పడుకోవచ్చు. ఊరు పక్కనే పోర్ట్ ఉంటే ఇది బ్రహ్మాండం. చివిటావెక్కియాలో అయితే రానూ పోనూ రెండు మూడు గంటలు రైల్లోనే.

క్రూజ్ కంపెనీ అమ్మే హోటల్ ప్యాకేజీల గురించి రెండు ముక్కలు. హోటల్ నుంచి ఓడకి బస్సు వాళ్ళే పెడతారు, ఆ మేరకు ఖర్చు ఎక్కువ. పోర్ట్ దూరంగా ఉండి, పెద్దవాళ్ళు వెంట ఉంటే కొనండి. ఊళ్ళోనే పోర్ట్ ఉన్నప్పుడు టాక్సీ చాలు.

వీసా కావాల్సిన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు మాత్రం హోటల్ కంటే ముందు తేదీలు చూసుకోవాలి. బార్సిలోనాలోనో ఏథెన్స్‌లోనో ఎక్కిన ఓడ మధ్యలో టర్కీ వెళ్ళి తిరిగొస్తే, షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చింది పనికిరాదు, ఎక్కువసార్లు ప్రవేశించేది ఉండాలి. ఓడ టికెట్ మీద ఉన్న తేదీలకే వీసా అడిగి, అది వచ్చాక ఇంకో రెండు రాత్రులు కలుపుకుందాం అనుకుంటే, ఆ రెండు రాత్రులకి వీసా ఉండదు.