నల్లరాతి ఒర లోపల: ‘రెండో బొడ్రాయి’ కథా పుస్తకం

గత డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగిన హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో, చిన్న పత్రికలనూ రచయితలు సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న పుస్తకాలనూ కలిపి పేర్చిన ఒక బల్ల మీద నాకు ఈ పుస్తకం దొరికింది. 56 పేజీలు, 80 రూపాయలు, లోపల ఒకే ఒక్క కథ. రచయిత అట్ట మీద గానీ లోపల గానీ తన పేరు వేసుకోలేదు. భూమి మీద మనుషులు పుట్టకముందే మరెవరో దాచిపెట్టి వెళ్ళిన ఒక ప్రమాదకరమైన వస్తువు మన ఊరి గుట్టల్లో బయటపడితే ఏమవుతుందన్నది కథా వస్తువు. ఇటువంటి కథలు ఎన్నో చదివాను గనుక పెద్దగా ఆశ పెట్టుకోకుండానే కొన్నాను. ఇప్పటికి మూడుసార్లు చదివాను. దీని గురించి వివరంగా రాయాలని గట్టిగా అనిపించింది.

నగరానికి పడమటి వైపున ఒక గుట్టను పేల్చి, చదును చేసి, అంతస్తుల భవనాలు కట్టబోతున్న చోట కథ మొదలవుతుంది. గుట్ట నడుమ, బూడిదరంగు గ్రానైట్ మధ్యలో, నిలువుగా దిగిన ఒక నల్లరాతి దిమ్మ కనిపిస్తుంది. దాన్ని చీల్చిన కూలీలకు లోపల మోకాలెత్తున, అతుకు గానీ గీత గానీ లేని ఒక స్తంభం దొరుకుతుంది. నల్లరాయికి మంచి ధర పలుకుతుంది కాబట్టి గుత్తేదారు దాన్ని పలకలుగా కోయించి అమ్మేస్తాడు. లోపలి స్తంభం ఎవరికీ అక్కరలేక, పాత ఇనుము కొనే ఒక వ్యాపారి గోదాముకు చేరుతుంది. కథలోని ప్రమాదమంతా ఈ అమ్మకంలోనే ఉంది. ఆ స్తంభాన్ని ఎవరూ కొట్టలేదు, తెరవలేదు, పూజించలేదు. దాని చుట్టూ ఉన్న ఒరను మాత్రం, విలువైనదని, ఊడదీసుకున్నారు.

ఈ ఒక్క ఊహ కోసమే ఈ పుస్తకం కొనవచ్చునని నా అభిప్రాయం. వ్యాపారంలో బ్లాక్ గ్రానైట్ అని పిలిచే రాళ్ళలో చాలా వరకు నిజానికి గ్రానైట్ కావు. అవి డోలరైట్, గాబ్రో జాతి రాళ్ళు. గ్రానైట్‌లో అయిదో వంతో అంతకన్నా ఎక్కువో పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఉంటుంది. డోలరైట్‌లో అది దాదాపుగా ఉండదు. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్‌ను చీల్చుకుంటూ గోడల్లాగా లేచిన డోలరైట్ పట్టీలు నిజంగానే ఉన్నాయి. రచయిత ఈ సంగతులను ఎక్కడా పాఠంలా చెప్పకుండా, కథకు ఇరుసుగా వాడుకున్నారు. ఆ స్తంభం తన దగ్గరున్న పలుగురాయిని కంపింపజేస్తుంది. పలుగురాయి లేని నల్లరాతి ఒరలో ఉన్నంతకాలం దాని కంపనం బయటికి రాదు. ఒర పోయాక అది ఎక్కడ ఉంటే అక్కడి గ్రానైట్ నెమ్మదిగా మొరంగా మారిపోతుంది. ఇళ్ళ పునాదులూ, గడపలూ, స్లాబుల్లోని కంకరా అన్నీ గ్రానైటే అయిన నగరంలో ఇది ఎంత భయంకరమైన సంగతో ఇక్కడి పాఠకుడికి విడమరిచి చెప్పవలసిన పని లేదు, రచయిత చెప్పలేదు కూడా.

ప్రమాదం బయటపడే తీరు నాకు మరింత నచ్చింది. మొదటి సూచన గోదాములోని గోడ గడియారం: రోజుకు కొన్ని నిమిషాలు ముందుకు పరుగెత్తుతుంది. క్వార్ట్జ్ గడియారంలో సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికమే కాలాన్ని లెక్కపెడుతుంది కాబట్టి ఇది సహజమైన మొదటి సూచన. క్వార్ట్జ్‌ను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన సంగతిని ఒక పాత్ర చేత ఒక్క వాక్యంలో అనిపించి రచయిత ముందుకు సాగిపోతారు. రెండో సూచన ఇంట్లో కనిపిస్తుంది. గోదాము వెనక గదుల్లో కాపురముండే వ్యాపారి భార్య, రోట్లో నూరిన పచ్చడిలో ఇసుక తగులుతోందని అత్తగారితో అంటుంది. అత్తగారు చింతపండు సరిగా కడగలేదని కోప్పడుతుంది. మరునాడు రోలు కడిగి, ఎండబెట్టి, మళ్ళీ నూరితే మళ్ళీ ఇసుక. నాలుగో రోజున ఆమె పొత్రాన్ని చేతిలోకి తీసుకొని బొటనవేలితో గీరుతుంది, రాయి పొడిగా రాలుతుంది. ఆ పేజీ చదివిన రాత్రి నేను లేచి వెళ్ళి మా వంటింటి రోలును తడిమి చూశాను. కథలో కూలిపోయే మెట్ల కన్నా, పగిలే స్తంభాల కన్నా, ఈ పచ్చడిలోని ఇసుకే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇటువంటి కథ చదువుతున్నప్పుడు 1987లో బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో జరిగిన ప్రమాదం గుర్తుకు రాక తప్పదు. ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఒక ఆసుపత్రి భవనంలో మిగిలిన క్యాన్సర్ చికిత్స యంత్రం నుంచి సీసియం-137 అనే అణుధార్మిక పదార్థం ఉన్న భాగాన్ని ఇద్దరు యువకులు పాత సామానుగా తీసుకుపోయారు. చీకట్లో నీలంగా వెలిగే ఆ పొడిని చూసి జనం ముచ్చటపడి ఇళ్ళకు పంచుకున్నారు. నలుగురు మరణించారు, 249 మందికి ఆ పదార్థం అంటుకున్నట్టు పరీక్షల్లో తేలింది. మన దేశంలోనూ 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారుకు, ఎవరూ వాడకుండా పడి ఉన్న పరిశోధన పరికరంలోని కోబాల్ట్-60 అనే మరో అణుధార్మిక పదార్థం చేరి ఒక కార్మికుడి ప్రాణం తీసింది. రెండు చోట్లా కవచం విప్పిన చేతులు రోజు కూలి కోసం పనిచేసిన చేతులు. పెట్టె లోపల ఏముందో తెలిసినవాళ్ళు దాన్ని వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళు. ఈ కథలోని పాత ఇనుము వ్యాపారిని అత్యాశాపరుడిగానో మూర్ఖుడిగానో చిత్రించకపోవడాన్ని నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను. అతడు తూకం సరిగా వేస్తాడు, కూలీలకు సాయంత్రానికి డబ్బిస్తాడు, మొదటి మెట్టు విరిగిన రోజునే పిల్లలను పుట్టింటికి పంపించమని భార్యతో చెబుతాడు. పుస్తకంలో అందరికన్నా ముందు అనుమానించినది అతడే, అందరికన్నా ఆలస్యంగా నమ్మినది చదువుకున్నవాళ్ళు.

ఒరను విప్పవద్దని చెప్పినవాడు కథలో ఒకడున్నాడు. గుట్ట మీద పనిచేసే వృద్ధ రాతిపనివాడు సుత్తి దెబ్బ మోతను బట్టి రాయి మంచిచెడులు చెప్పగలడు. నల్లరాతి దిమ్మ దగ్గరికి వచ్చేసరికి మోత చచ్చుబడుతోందని గమనించి, ఆయన పనిముట్లు కింద పెట్టేస్తాడు. ‘‘ఊరు పుట్టినంక బొడ్రాయి పెడ్తరు బిడ్డా. ఇది ఊరు పుట్టకముందే పెట్టిన్రు. దీన్ని కదిలిచ్చుడు మంచిది కాదు’’ అని మేస్త్రీతో అంటాడు. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ ప్రతిష్ఠించే బొడ్రాయి గురించి తెలిసినవారికి ఈ మాట బరువు అర్థమవుతుంది. బొడ్రాయి పండుగకు ఆడబిడ్డలను పుట్టింటికి పిలుస్తారు, చాలా ఊళ్ళలో ప్రతిష్ఠ ముగిసేదాకా పొలిమేర కట్టేస్తారు, ఆ రాతిని ఎవరూ తోచినట్టు కదిలించరు. వృద్ధుడి మాటను మేస్త్రీ మూఢనమ్మకంగా కొట్టిపారేస్తాడు. నిజానికి వృద్ధుడు చెప్పినది నమ్మకం కాదు, యాభై ఏళ్ళ చేతి అనుభవం. దాన్ని చెప్పడానికి ఆయనకు దొరికిన మాట బొడ్రాయి. ఈ తేడాను ఇంత సున్నితంగా పట్టుకున్న తెలుగు సైన్స్ ఫిక్షన్ కథను నేను ఇంతవరకు చదవలేదు.

ఆ వస్తువు వయసు లెక్కగట్టే భాగం కూడా బాగుంది. స్తంభం అడుగున ఒక పలుచని రేకు ఉంటుంది. అందులో నాలుగో వంతు యురేనియం-235, మూడు వంతులు సీసం. యురేనియం-235 అర్ధాయువు, అంటే అందులో సగం క్రమంగా సీసంగా మారడానికి పట్టే కాలం, సుమారు 70 కోట్ల సంవత్సరాలు గనుక, రెండు అర్ధాయువులు గడిచాయన్నమాట: 140 కోట్ల ఏళ్ళు. అప్పటికి భూమి మీద చెట్టు లేదు, చేప లేదు. హైదరాబాద్ గ్రానైట్ అంతకన్నా ఎంతో పాతది, సుమారు 250 కోట్ల ఏళ్ళనాటిది, కాబట్టి లెక్క రాతితోనూ కుదురుతుంది. ఇది రచయిత గాలిలోంచి తెచ్చిన ఊహ కాదు. 1977లో బయలుదేరిన వాయేజర్ అంతరిక్ష నౌకల మీది బంగారు రికార్డు తొడుగుపై మనమూ ఇటువంటి ఏర్పాటే చేశాం: దొరికినవారు కాలాన్ని లెక్కగట్టుకునేందుకు అక్కడ యురేనియం-238 పూత ఉంది. అమెరికాలో అణు వ్యర్థాలను ఉప్పు పొరల్లో పాతిపెట్టిన చోట, 10,000 ఏళ్ళ తర్వాతి మనుషులకు అర్థమయ్యేలా హెచ్చరిక ఎలా రాయాలని నిపుణులు తలలు పట్టుకున్నారు. కథలోని అపరిచితులు అక్షరాలనూ బొమ్మలనూ నమ్ముకోలేదు, లోతును నమ్ముకున్నారు. కొన్ని కిలోమీటర్ల కింద దాచారు. పైనున్న రాయంతా వానకూ ఎండకూ అరిగిపోయి గుట్ట పైకి తేలేసరికి, తాము పెట్టిన గడియారం ఎవరైనా చదవగలరని మాత్రం ఆశించారు.

లోపాలు చెప్పకపోతే ఈ పుస్తకానికి అన్యాయం చేసినట్టే. గడియారం తప్పిన గోదాములో ఫోన్లు ఎలా పనిచేస్తున్నాయో కథ చెప్పదు. ప్రతి ఫోనులోనూ క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది, అవి అందరికన్నా ముందు మొరాయించాలి. 33వ పేజీలో భూగర్భ శాస్త్రవేత్త తార్నాక వైపున్న ఒక ప్రయోగశాలలో ఒక్క రాత్రిలో యురేనియం, సీసం పాళ్ళు తేల్చేస్తుంది. నమూనా సిద్ధం చేసి, మాస్ స్పెక్ట్రోమీటరు అనే పరికరంలో పరమాణువుల పాళ్ళు కొలిచి, ఫలితాలు సరిచూసుకోవడానికి పట్టే వ్యవధిని దృష్టిలో పెట్టుకుంటే ఇది నమ్మశక్యంగా లేదు, పైగా కథకు ఆ తొందర అవసరమూ లేదు. అన్నిటికన్నా పెద్ద లోపం ఆ శాస్త్రవేత్త మాట. కూలీలూ, వ్యాపారి కుటుంబమూ మాట్లాడే తెలంగాణ తెలుగు ప్రాణంతో ఉండగా, ఆమె మాత్రం ఆరు పేజీల పాటు పాఠ్యపుస్తకంలా మాట్లాడుతుంది. వృద్ధుడికి ఆమె మేనకోడలి కూతురని కథలోనే ఉంది. ఇంటికి వచ్చి ఆయన పక్కన నులకమంచం మీద కూర్చున్న అమ్మాయి ‘‘తాతా, కంపన పౌనఃపున్యము’’ అంటుందా?

ఒక ప్రలోభానికి రచయిత లొంగనందుకు మాత్రం కృతజ్ఞతలు చెప్పాలి. ఒకదాని మీద ఒకటి నిలబడిన మన బండలను ఎవరో వచ్చి పేర్చి వెళ్ళారని చెప్పడం చాలా తేలిక. అవి అలా నిలబడడానికి కారణం వేరు: గ్రానైట్‌లోని పగుళ్ళ వెంట నేలలోపలి నీరు దిగి, అంచులను మొరంగా మార్చి, ఆ మొరం కొట్టుకుపోయాక గుండ్రటి గుండ్లు మిగిలాయి. కథ ఈ సహజ కారణాన్నే నిలబెడుతుంది. స్తంభం చేసేదల్లా లక్షల ఏళ్ళలో జరిగే ఆ పనిని రోజుల్లోకి కుదించడమే. అందువల్ల భయం ఆకాశం నుంచి కాక మన కాళ్ళ కిందనుంచి వస్తుంది. అలాగే 1591 నాటి చార్మినార్‌ను కూల్చి పాఠకుడిని అదరగొట్టే పని కూడా రచయిత చేయలేదు. దుర్గం చెరువు చుట్టూ నేను చిన్నప్పుడు చూసిన గుండ్లలో ఎన్నో ఇప్పుడు లేవు, వాటిని కూల్చడానికి ఏ స్తంభమూ అవసరం కాలేదు; కథలోని గుట్టకు పట్టిన గతి చదువుతున్నంతసేపూ అవే కళ్ళముందు కదిలాయి.

ముగింపును ఇక్కడ విప్పడం భావ్యం కాదు. అమ్ముడుపోయిన నల్లరాతి పలకలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కుంటూ ఆ వృద్ధుడూ, పాత ఇనుము వ్యాపారీ కలిసి తిరిగే చివరి పన్నెండు పేజీలు, ఒక ఇంటి వంటగట్టు దగ్గరా, ఒక సమాధి దగ్గరా వారు ఆగిపోయే సన్నివేశాలు, పుస్తకంలోకెల్లా ఉత్తమమైనవని మాత్రం చెప్పగలను.

అచ్చు సామాన్యం. గ్రానైట్ అన్న మాటనే మూడు రకాలుగా రాశారు, రెండు చోట్ల పేరాలు తారుమారయ్యాయి, రెండోసారి చదివేసరికే పిన్నులు వదులై నడిమి కాగితాలు చేతికొచ్చాయి. కాగితం మాత్రం మందంగా, కళ్ళకు హాయిగా ఉంది. అక్షరాల పరిమాణం పెద్దవాళ్ళకూ ఇబ్బంది లేకుండా ఉంది. పదో తరగతి దాటిన పిల్లలు నిస్సంకోచంగా చదవవచ్చు. తెలంగాణ మాట అలవాటు లేనివారికి మొదటి పది పేజీలు కొంచెం నెమ్మదిగా సాగుతాయి, ఆ తర్వాత ఆ ఇబ్బంది ఉండదు. మలి ముద్రణ వేస్తే శాస్త్రవేత్త సంభాషణలను తిరగరాయాలనీ, పుస్తకాన్ని దారంతో కుట్టించాలనీ రచయితకు నా విన్నపం. ఆ ప్రతికి 80 బదులు 120 రూపాయలైనా ఇచ్చి కొంటాను.