పెద్దింటికి వేణ్ణీళ్ళు: తొమ్మిదేళ్ళు వాడాక 300 లీటర్ల సోలార్ హీటరు

విజయవాడ పటమటలో రెండంతస్తుల ఇల్లు, నాలుగు బాత్‌రూములు, ఎనిమిది మంది. డాబా మీద 30 గాజు ట్యూబుల సోలార్ హీటరు, కింది అంతస్తులో 25 లీటర్ల గీజరు ఒకటి. తొమ్మిది చలికాలాలు చూశాక తేలింది ఇదీ: బెజవాడలో ఎండకు కొదవ లేదు. హీటరును తినేసేది బోరు నీళ్ళు, వేడిని మింగేసేది పైపులు. కొట్లో మాత్రం ఈ రెండింటి ఊసెత్తరు, లీటర్ల గురించే మాట్లాడతారు.

ఆ లీటర్ల సంగతే ముందు. 300 కొనడం పొరపాటు. డిసెంబరు తెల్లవారుజామున డాబా ట్యాంకులో నీళ్ళు 24 డిగ్రీలు, హీటరులోవి 60 అనుకోండి. 20 లీటర్ల బకెట్టును 40 డిగ్రీలకు కలుపుకోవడానికి వేణ్ణీళ్ళు 9 లీటర్లు చాలు. షవరు కింద ఆరు నిమిషాలు నిలబడితే, నిమిషానికి 8 లీటర్ల లెక్కన, 21 లీటర్లు. నలుగురు బకెట్టు, నలుగురు షవరు అయినా 120 దాటదు. అంట్లకు, పైపుల్లో వృథాకు ఇంకో 60 వేసినా 200 లీటర్ల హీటరు సరిపోతుంది.

ఎక్కువైతే నష్టమేంటంటే, ఉంది. రోహిణీ కార్తెలో డాబా ట్యాంకు నీళ్ళే ఒంటికి చురుక్కుమంటాయి, హీటరు కుళాయి ఎవరూ తిప్పరు. వాడకం లేక లోపల 90 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు ఎంత మరిగితే సున్నం అంతగా విడిపోయి పేరుకుంటుంది, ట్యూబుల మెడ దగ్గరి సిలికాన్ రింగులు గట్టిపడి చెమ్మ కారుస్తాయి. మార్చి ఆఖరుకల్లా సగానికి పైగా ట్యూబులు కప్పేయాలి. గోనెపట్టా ఒక్క వానకే కుళ్ళిపోతుంది. పాత ఫ్లెక్సీ తెల్లవైపు పైకి పెట్టి కడితే రెండు వేసవులు వస్తుంది. ఫ్లెక్సీలకు మన ఊళ్ళో కరువా!

ఇక పైపులు. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేణ్ణీళ్ళకు వాడే ప్లాస్టిక్) పైపు మీటరుకు పావు లీటరు నీళ్ళు పట్టుకుంటుంది, అంగుళం పైపు 0.43 లీటరు. హీటరు నుంచి కింది బాత్‌రూముకు 20 మీటర్లుంటే, వేణ్ణీళ్ళు వచ్చేలోపు మొదటి దాంట్లో 5 లీటర్లు, రెండో దాంట్లో 8 లీటర్ల పైచిలుకు చల్లటి నీళ్ళు కాలవపాలు. అదీ ఒక్క కుళాయికి. ధార బాగుంటుందని మేస్త్రీ అంగుళం వేస్తానంటాడు. డాబా నుంచి దిగే మెయిన్ వరకు సరే, బాత్‌రూములకు చీలే చోట ముప్పావు దాటనివ్వొద్దు. తెల్లటి యూపీవీసీ అసలే వద్దు, వేడికి మెత్తబడి వంగుతుంది. డాబా మీద పైపుకు తొడిగే నల్ల ఫోమ్ గొట్టం రెండేళ్ళ ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది. దాని మీద అల్యూమినియం రేకు చుట్టించాకే ఆ బాధ తప్పింది.

బిగింపులో తప్పు జరిగేది ఎక్కువగా ఎత్తుల దగ్గరే. చన్నీళ్ళ ట్యాంకు అడుగు, హీటరు ట్యాంకు నెత్తి కంటే కనీసం అడుగు ఎత్తులో ఉండాలి. గాలి పైపు చన్నీళ్ళ ట్యాంకు నీటిమట్టం దాటి పైకి పోవాలి, దానికి వాల్వు పెట్టకూడదు. అది మూసుకుపోతే ఆవిరికి ట్యాంకు ఉబ్బుతుంది, లేదా నీళ్ళు తోడినప్పుడు లోపలికి సొట్టపోతుంది. ట్యూబులు దక్షిణానికి, 30 డిగ్రీల వాలులో ఉంటే మనకు కావలసిన చలికాలపు ఎండ బాగా పడుతుంది.

ట్యూబు చచ్చిపోయిందో లేదో మీటర్లు లేకుండానే తెలుస్తుంది. కింది కొసన వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడిందంటే, ట్యూబు రెండు గాజు పొరల మధ్య గాలి తీసేసిన ఖాళీలోకి గాలి చేరినట్టే. పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, అంటే లోపలి వేడి బయటికి పోతోంది. మంచి ట్యూబు మిట్టమధ్యాహ్నం కూడా పైకి అంత వేడెక్కదు. ఏడాదికోసారి విప్పితే అడుగున పిడికెడు సున్నపు పెచ్చులు రాలతాయి. ఆ విప్పడం, నింపడం పొద్దు పొడవకముందే కావాలి. ఎండలో ఖాళీగా కాలిన ట్యూబులోకి చన్నీళ్ళు పడితే టప్పున పగులుతుంది. ట్యాంకు ఎండిపోయిందని మధ్యాహ్నం మోటారు వేస్తే ఒకేసారి నాలుగైదు పోవచ్చు.

ట్యాంకు విషయంలో మొహమాటపడొద్దు. మా బోరు నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 1,100 దగ్గర ఉంటుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు ఆరో ఏట వెల్డింగు అతుకు దగ్గర సూదిబెజ్జం పడి కారింది. సాఫ్ట్‌నర్ ఉంది కదా అంటే, అది సున్నాన్ని ఆపుతుందే తప్ప ఉప్పును తీయదు. స్టీలును తొలిచేది ఆ ఉప్పులోని క్లోరైడే. బోరు మీదే ఆధారపడే ఇంటికి ఎనామిల్ పూత ట్యాంకు నయం. అందులో ట్యాంకు బదులు తాను కరిగిపోతూ దాన్ని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ ఏటా మార్చాలి, రెండేళ్ళు వదిలేస్తే మధ్యలోని ఇనుప చువ్వే మిగులుతుంది. కార్పొరేషన్ కృష్ణ నీళ్ళు హీటరుకు సరిపడా వస్తుంటే ఆ లైను విడిగా దీనికే ఇవ్వండి, ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

మబ్బు రోజుల కోసం సోలార్ ట్యాంకులోనే 2 కిలోవాట్ల రాడ్డు పెట్టించుకోవడం దండగ. 300 లీటర్లను 20 డిగ్రీలు పెంచడానికి 7 యూనిట్లు, మూడున్నర గంటలు. అదే 25 లీటర్ల గీజరుకు 25 నుంచి 60 డిగ్రీలకు రావడానికి ఒక యూనిట్, అరగంట. తుపాను పట్టిన నాలుగు రోజులు గీజరే గట్టెక్కిస్తుంది.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళు, గాలిలోని వేడిని లాగి నీళ్ళు కాచే హీట్ పంపు కూడా చూడొచ్చు. మన గాలి వేడికి ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. 200 లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి 8 యూనిట్లు కాకుండా 3 లోపే. కానీ ఫ్యాను చప్పుడు పడకగది గోడకు ఆనించి పెట్టేలా ఉండదు. అన్నట్టు, 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ రాయితీ కరెంటు పలకలకే, నీళ్ళ హీటరుకు రాదు.

ట్యూబులు 58 మి.మీ. వ్యాసం, 1,800 మి.మీ. పొడవు సైజువే అడగండి. వేరే కొలత అంటగడితే తరువాత పగిలిన ఒక్కదాని కోసం ఊరంతా తిరగాలి. కొన్న రోజునే అదనంగా రెండు ట్యూబులు, అరడజను రింగులు తీసుకుని అటక మీద పడుకోబెట్టేయండి.